పట్టుమీద పువ్వూ పిట్టా: చైనా గోంగ్‌బి చిత్రాన్ని వేసే పద్ధతి

పువ్వులనూ పక్షులనూ పట్టుమీద చిత్రించే చైనా సంప్రదాయానికి వెయ్యేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. అందులో సన్నని రేఖతో ఆకారాన్ని కట్టి, దాని లోపల పలచని రంగును పొరలు పొరలుగా వేసుకుంటూ పోయే శైలిని గోంగ్‌బి అంటారు. ఈ చిత్రాల్లో మనకు కనిపించే రంగు లోతు చిక్కటి రంగు పూయడం వల్ల వచ్చినది కాదు. దాదాపు నీళ్లంత పలచగా ఉన్న రంగును ఆరనిచ్చి, మళ్లీ వేసి, మళ్లీ ఆరనిచ్చి సాధించినది అది. దానికి తోడు పట్టు వెనకవైపు నుంచి కూడా రంగు వేస్తారు. ఈ రెండు విషయాలనూ మొదటి రోజు నుంచే మనసులో పెట్టుకోకపోతే, గీత ఎంత బాగా వచ్చినా చిత్రం మొద్దుబారినట్టే ఉంటుంది.

నేర్చుకోవడం ఎప్పుడూ పాత చిత్రానికి నకలు తీయడంతోనే మొదలవుతుంది. 10వ శతాబ్దంలో చెంగ్‌డూ నగరంలోని షు రాజ్యపు ఆస్థాన చిత్రకారుడు హువాంగ్ ఛ్వాన్ తన కొడుకు సాధన కోసం ఒక పట్టుముక్కమీద పక్షులు, పురుగులు, తాబేళ్లు కలిపి 24 జీవులను వేసి ఇచ్చాడు. అది కొడుకు జూబావో అభ్యాసానికని ఒక మూల చిన్న అక్షరాలతో రాసి ఉంది. బీజింగ్ ప్యాలెస్ మ్యూజియంలో ఉన్న ఆ చిత్రం పొడవు 70 సెంటీమీటర్లకు కాస్త అటూ ఇటూ, అంతే. అందులో నోరు తెరిచి మేత అడుగుతున్న పిచ్చుక పిల్ల ఉంది, ఎండు కాళ్లు ముడుచుకున్న మిడత ఉంది. వాటిలో ఏ ఒక్కదానికీ వెనక దృశ్యం లేదు. నేర్చుకునేవారికి ఇంతకన్నా మంచి పాఠ్యపుస్తకం నాకు తెలిసి లేదు. పువ్వుకు మాత్రం అదే మ్యూజియంలో ఉన్న, 12-13 శతాబ్దాల దక్షిణ సోంగ్ రాజవంశ కాలపు తామర చిత్రాన్ని ఎంచుకోవాలి. గుండ్రని విసనకర్రకోసం వేసిన ఆ పట్టుముక్క 23.8 సెంటీమీటర్ల ఎత్తు, 25.1 సెంటీమీటర్ల వెడల్పు మాత్రమే ఉంటుంది. విరిసిన ఒకే ఒక గులాబి రంగు తామర ఆ వృత్తమంతా నిండి ఉంటుంది, చిత్రకారుడి పేరు లేదు. ఈ రెండు చిత్రాల నాణ్యమైన ప్రతిరూపాలు సంపాదించి, తామరతో మొదలుపెట్టి పిచ్చుకకు వెళ్లడం మంచి క్రమం.

నకలుతో పాటు ప్రత్యక్ష పరిశీలన కూడా సాగాలి. 1100 నుంచి 1125 వరకు పాలించిన హ్వీజోంగ్ చక్రవర్తి స్వయంగా చిత్రకారుడు. ఆయన తన ఆస్థాన చిత్రకారులను ఈ విషయంలో ఎంత కఠినంగా పరీక్షించేవాడో 12వ శతాబ్దపు రచయిత డెంగ్ చున్ నమోదు చేశాడు. కొత్త మందిరంలో వేసిన చిత్రాలన్నిటిలో చక్రవర్తి మెచ్చుకున్నది ఒక గులాబి కొమ్మను మాత్రమే. గులాబి పూరేకులూ కేసరాలూ ఆకులూ ఋతువును బట్టీ, పూటను బట్టీ మారుతూ ఉంటాయనీ, ఈ చిత్రంలోనిది వసంతకాలపు మధ్యాహ్నపు గులాబి అనీ, అందులో వెంట్రుకవాసి తేడా కూడా లేదనీ ఆయన అన్నాడట. తామర విషయంలో తెలుగువారికి ఒక అనుకూలత ఉంది. ఏ ఊరి చెరువుకో తెల్లవారుజామున వెళితే విచ్చుకుంటున్న పువ్వునూ, ఎండెక్కాక వెళితే రేకులు వాలుతున్న పువ్వునూ చూసి పెన్సిలుతో గీసుకోవచ్చు. రేకు అంచు ఎక్కడ లోపలికి ముడుచుకుంటున్నదీ, ఈనెలు కొసకు వచ్చేసరికి ఎలా దగ్గరవుతున్నదీ, కాడమీద ముళ్లు ఏ దిక్కుకు ఉన్నదీ ఆ కాగితం మీదే రాసి పెట్టుకోవాలి.

ఇక పట్టు సంగతి. ధర్మవరం, కంచి చీరల బరువైన పట్టు దీనికి పనికిరాదు. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే అవతల ఉన్న వేళ్లు కనిపించేంత పలచగా, సాదా నేతతో, రంగు వేయకుండా ఉన్న పట్టు కావాలి. చైనాలో చిత్రకళకోసమే నేసిన పట్టు రెండు రకాలుగా దొరుకుతుంది. ఏ పూతా లేని పచ్చి పట్టు ఒకటి, జిగురు, పటిక కలిపిన నీటితో ముందే పూత వేసిన సిద్ధపు పట్టు మరొకటి. కొత్తవారు సిద్ధపు పట్టునే కొనుక్కోవడం మంచిది. అది దొరకనప్పుడు పూత ఇంట్లో వేసుకోవచ్చు. 1679లో చైనాలో అచ్చయిన ఒక చిత్రకళా గ్రంథం ఎండాకాలంలో 7 పాళ్ల జిగురుకు 3 పాళ్ల పటిక, చలికాలంలో 10 పాళ్ల జిగురుకు 3 పాళ్ల పటిక వాడమని చెబుతుంది. మన వాతావరణానికి మొదటి కొలతే సరిపోతుంది. వడ్రంగులు వాడే వజ్రం జిగురు మలినంగా ఉంటుంది కాబట్టి శుభ్రమైన జెలటిన్ తీసుకుని రాత్రంతా చన్నీటిలో నానబెట్టి, గిన్నెను వేడినీటిలో నిలిపి కరిగించాలి. పటికను విడిగా చన్నీటిలోనే కరిగించుకోవాలి, వేడి జిగురులో ఎన్నడూ వేయకూడదు. రెండూ చల్లారాక కలిపి, నీళ్లు ధారాళంగా పోసి పలచన చేసి, గుడ్డతో వడకట్టాలి.

ఆ నీటిని వెడల్పాటి మెత్తని కుంచెతో పట్టుమీద మూడుసార్లు వేయాలి. ఒక్కో పూత పూర్తిగా ఆరాకే తరువాతిది వేయాలి, ప్రతి పూతా ముందటి దానికన్నా తేటగా ఉండాలి. జిగురు ఎక్కువైతే రంగులు వెలవెలబోతాయి, కాలక్రమంలో పొర పగులుతుంది. పటిక ఎక్కువైతే పట్టుమీద తెల్లని పొడి తేలుతుంది, పట్టు పెళుసెక్కుతుంది. సరిగ్గా కుదిరిందో లేదో తెలుసుకోవడానికి అంచున ఒక నీటిచుక్క వేసి చూడాలి. చుక్క గుండ్రంగా నిలిచి, కుంచెతో లాగితే లాగిన మేరకే పరచుకుంటే పూత కుదిరినట్టు. చుక్క పక్కలకు పాకితే ఇంకో పూత కావాలి. కుంచె లాగినా నీరు అంటకుండా ముత్యాల్లా విడిపోతే పటిక హెచ్చిందని అర్థం, అటువంటి పట్టుతో కుస్తీ పట్టేకన్నా పక్కన పెట్టేయడమే మేలు.

పట్టును చెక్క చట్రానికి బిగించడం తప్పనిసరి, ఎందుకంటే వెనకవైపు రంగు వేయాలంటే అటువైపు ఖాళీగా ఉండాలి. చట్రం అంచులకు చిక్కగా ఉడికించిన మైదా జిగురు రాసి, కాస్త చెమ్మ చేసిన పట్టును పోగులు వంకరపోకుండా నాలుగువైపులా అతికించి ఆరనివ్వాలి. ఆరాక అది బిగుసుకుంటుంది. పచ్చి పట్టును ఇలా బిగించిన తరువాతే పైన చెప్పిన జిగురు, పటిక కలిపిన నీరు (పటిక నీరు) వేయాలి. వానాకాలంలో, ముఖ్యంగా కోస్తా జిల్లాల్లో, గాలిలోని తేమకు పట్టు వదులవుతుంది. అలాంటి రోజుల్లో సన్నగీతల పని పెట్టుకోకపోవడం మంచిది.

కుంచెల విషయంలో ఖర్చుకు వెనకాడకూడదు. రేఖకు వీజిల్ అనే జంతువు వెంట్రుకలతో చేసిన, కొస గట్టిగా నిలిచే సన్నని కుంచె కావాలి. రంగుకు మేక వెంట్రుకలు చుట్టూ, గట్టి వెంట్రుకలు మధ్యలో ఉన్న మెత్తని కుంచెలు కనీసం రెండు కావాలి, ఒకటి రంగుకు, మరొకటి ఉత్త నీటికి. సిరా సీసాలో దొరికేది కాకుండా కడ్డీనే సానరాయిమీద అరగదీసుకోవాలి. నూనె మసితో చేసిన కడ్డీ సిరా వెచ్చని నలుపుతో కాస్త మెరుస్తుంది, దాన్ని రేఖలకు వాడాలి. దేవదారు జాతి కట్టెల మసితో చేసిన సిరా మెరుపులేని, నీలిఛాయ ఉన్న నలుపునిస్తుంది, అది పక్షి ఈకలకు నప్పుతుంది. సాన ముంచెత్తేలా నీళ్లు పోయకుండా, కొద్ది చుక్కలతో, తొందరపడకుండా గుండ్రంగా అరగదీయాలి.

చిత్తుబొమ్మను ముందు కాగితం మీద పూర్తిచేయాలి. పట్టుమీద చెరపడం కుదరదు కాబట్టి ఏ రేకు దేని ముందుకు వస్తుందో, కాడ ఎక్కడ మాయమై ఎక్కడ తేలుతుందో కాగితం మీదే తేలిపోవాలి. తరువాత దాన్ని చట్రం కింద పెడితే పట్టులోంచి గీతలు స్పష్టంగా కనిపిస్తాయి. కుంచెను నిలువుగా పట్టుకుని, దాని కొస ఎప్పుడూ గీత నడుమనే నడిచేలా, మణికట్టుతో కాకుండా ముంజేయంతా కదుపుతూ గీయాలి. గీత మొదలు కాస్త ఒత్తి, నడుమ సమంగా సాగి, చివర కుంచెను పైకి తేల్చితే రేకు అంచుకు ప్రాణం వస్తుంది. అన్ని గీతలకూ ఒకే నలుపు వాడకూడదు. ఆకులకూ కాడలకూ సిరా కాస్త ముదురుగా ఉండాలి. తామర రేకులకు చాలా పలచని సిరాలో ఒక్క చుక్క ఎరుపు కలిపితే రంగులు వేశాక ఆ గీత రేకులో కలిసిపోతుంది. దక్షిణ సోంగ్ తామరను దగ్గరగా చూస్తే రేకుల గీత ఉందా లేదా అన్నట్టుంటుంది. ఆ చిత్రం అంత మృదువుగా కనిపించడానికి సగం కారణం అదేనని నా నమ్మకం.

ఇప్పుడు అసలు పని. రంగును ఒక అంచున పెట్టి, నీటి కుంచెతో దాన్ని క్రమంగా శూన్యంలోకి కరిగించడాన్ని ఫెన్‌రాన్ అంటారు. గోంగ్‌బి అంతా ఈ ఒక్క కదలికమీదే నిలబడి ఉంది కాబట్టి దీన్ని విడిగా వారాల తరబడి సాధన చేయాలి. రెండు కుంచెలనూ ఒకే చేతిలో పట్టుకోవాలి. రంగు కుంచె పనిచేస్తున్నప్పుడు నీటి కుంచె వేళ్ల సందున అడ్డంగా ఉండి, వేళ్ల కదలికతోనే ఒకదాని స్థానంలోకి మరొకటి రావాలి. రేకు కొసన పలచని రంగు ఒక సన్నని పట్టీలా పెట్టి, అది తడిగా ఉండగానే నీటి కుంచెను ఆ రంగులోకి కాకుండా దాని లోపలి అంచుకు మాత్రమే తాకించి, చిన్నచిన్న అడ్డ కదలికలతో మొదలువైపు లాగాలి. నీటి కుంచె తడిగా ఉండాలి గాని కారకూడదు, కాబట్టి ప్రతిసారీ గుడ్డమీద ఒత్తుకోవాలి. నీరెక్కువైతే రంగు వెనక్కి తన్నుకొచ్చి అంచున మరక కడుతుంది. నీరు తక్కువైతే రంగు ఆగిన చోట గీత పడుతుంది. మొదటి పొర వేశాక రంగు పడిందా లేదా అన్న అనుమానం కలగాలి. అనుమానం కలగకపోతే రంగు చిక్కగా ఉన్నట్టే.

పూర్తిగా ఆరాక రెండో పొర, తరువాత మూడోది. కొన్ని పొరలయ్యాక కింది రంగు కదలకుండా చాలా పలచని పటిక నీటిని మెత్తని కుంచెతో ఒక్కసారి మాత్రం తాకించి ఆరనివ్వాలి. మూడు పటికలు, తొమ్మిది పొరలు అనే మాట చైనా చిత్రకారుల్లో సామెతలా వాడుకలో ఉంది. ఆ అంకెలను లెక్కగా కాక ఓపికకు కొలతగా తీసుకోవాలి.

తామర రేకులకు క్రమం ఇది. ముందు తెలుపును పలచగా, రేకు కొస నుంచి లోపలికి కరిగిస్తూ వేయాలి. పూర్వం సీసపు తెలుపు వాడేవారు గాని అది గాలిలోని గంధక వాయువులకు కాలక్రమంలో నల్లబడుతుంది, విషం కూడా. ఆల్చిప్పల పొడితో చేసిన తెలుపో, ఈనాటి టైటానియం తెలుపో వాడుకోవచ్చు. ఆ మీద ఎరుపును కొస నుంచి మూడోవంతు దూరం మాత్రమే కరిగిస్తూ, నాలుగైదు పొరల్లో పెంచాలి. రేకు వెలుపలి ముఖంలో ఎరుపు ఎక్కువగానూ, లోపలి ముఖంలో తక్కువగానూ ఉండాలి. చివరికి సన్నని కుంచెతో ఎర్రని ఈనెలు మొదట దూరదూరంగా, కొసకు వచ్చేసరికి దగ్గరగా గీయాలి.

ఆకుకు మొదట నీలిమందులో కొంచెం సిరా కలిపి, ప్రతి ఈనెకూ ఒక పక్కన సన్నని ఖాళీ గీత వదులుతూ ఫెన్‌రాన్ చేయాలి. ఆ ఖాళీయే తరువాత ఈనెలా వెలుగుతుంది. రెండు మూడు పొరలయ్యాక నీలిమందు, గాంబోజ్ అనే పసుపు జిగురు కలిపిన ఆకుపచ్చను ఆకంతటా సమంగా పరవాలి. అన్నిటి పైన మాలకైట్ రాతి పొడి ఆకుపచ్చను పలచగా వేస్తే ఆకుకు ఆ పాత చిత్రాల గాంభీర్యం వస్తుంది. ఆకు అడుగుభాగం కనిపించే చోట సిరా లేకుండా, లేత ఆకుపచ్చ మాత్రమే సరిపోతుంది.

రాతి రంగుల గురించి ఇక్కడే చెప్పాలి. అజురైట్ నీలం, మాలకైట్ ఆకుపచ్చ, ఇంగిలీకం ఎరుపు అనే ఈ మూడూ రాళ్లను నూరి, నీటిలో కలిపి, తేర్చి తీసినవి. ముందుగా అడుక్కు చేరే ముతక రేణువులు ముదురు రంగునూ, చివరిదాకా తేలే మెత్తని రేణువులు లేత రంగునూ ఇస్తాయి. వీటిని వాడేముందు గిన్నెలో జిగురు నీటితో వేలితో బాగా కలపాలి. పని అయ్యాక గోరువెచ్చని నీరు పోసి, రంగు అడుక్కు దిగాక పైన తేలిన జిగురు నీటిని వంపేయాలి. లేకపోతే పాత జిగురు రంగును మసకబారుస్తుంది. రాతి రంగు కింద ఎప్పుడూ అదే జాతి వృక్ష రంగు పరుపుగా ఉండాలి, అంటే అజురైట్ కింద నీలిమందు ఉండాలి. గాంబోజ్ విషపూరితమైనది, ఇంగిలీకంలో పాదరసం ఉంటుంది. అందువల్ల కుంచెను నోటితో మొనదేల్చే అలవాటు ఉన్నవారు దాన్ని ఈ పని మొదలుపెట్టకముందే పూర్తిగా మానుకోవాలి, గిన్నెలు వంటింట్లోకి పోనివ్వకూడదు.

ముందువైపు పని మూడొంతులయ్యాక చట్రాన్ని తిప్పాలి. రేకుల వెనక తెలుపునూ, ఆకుల వెనక మాలకైట్ ఆకుపచ్చనూ గీత దాటకుండా సమంగా వేయాలి. పట్టు పోగుల సందుల్లోంచి ఆ రంగు ముందుకు కనిపించి, ముందువైపు పలచని ఎరుపుకు అడుగున ఒక కాంతిని నిలుపుతుంది. రంగు ముందువైపే వేసి ఇంత కాంతి తేవాలంటే పొర దళసరి అవుతుంది, నేత కనపడకుండా పోతుంది. చాలామంది ఈ దశను దాటవేస్తారు, పట్టును ఎంచుకోవడంలోని ప్రయోజనమే అప్పుడు పోతుంది. కాగితంమీద సాధ్యంకానిది ఇక్కడ సాధ్యమవుతున్నప్పుడు దాన్ని వదులుకోకూడదు.

పిచ్చుకకు వచ్చేసరికి గీయడం ముక్కుతో మొదలవుతుంది. ముక్కు పై దవడ, కింది దవడ, వాటి మూలన కన్ను, ఆ తరువాత తల, వీపు, రెక్క, రొమ్ము, తోక, చివరికి కాళ్లు అనేది పాత గురువులు చెప్పిన వరుస. శరీరానికి గీత గీయకుండా, పలచని సిరాతో చిన్నచిన్న వెంట్రుక గీతలే అంచుగా నిలవాలి. రెక్కలోని పెద్ద ఈకలకు మాత్రం ఒక్కొక్కదానికీ గీత ఉంటుంది. ముందు సిరాతో ఈకల వరుసల మధ్య నీడను ఫెన్‌రాన్ చేసి, ఎర్రమట్టి రంగులో సిరా కలిపి వీపంతా పరిచి, ఆరాక ఈకలు గీయాలి. దీనికి కుంచెలో సిరా చాలా తక్కువగా ఉంచి, కొసను గిన్నె అంచుకు నొక్కి నాలుగైదు పాయలుగా చీల్చి, ఒక్క కదలికలో పక్కపక్కనే సన్నని గీతలు పడేలా చేస్తారు. ఈ గీతలు శరీరం గుండ్రదనాన్ని అనుసరించి తిరగాలి. సూటిగా పడితే పిట్ట చాపలా చదునైపోతుంది. ఆ మీద మళ్లీ పలచని రంగు, మళ్లీ కాస్త ముదురు గీతలు, కడుపు దగ్గర తెల్లని గీతలు వేయాలి. చైనా చిత్రాల్లోని పిచ్చుకకు నడినెత్తి గోధుమ ఎరుపుగానూ, చెంపమీద నల్లమచ్చతోనూ ఉంటుంది, మన ఇళ్లలో తిరిగే మగపిచ్చుకకు నడినెత్తి బూడిదరంగు. పాత చిత్రానికి నకలు తీసేటప్పుడు ఉన్నది ఉన్నట్టు వేయాలి. సొంత చిత్రం వేసేటప్పుడు మాత్రం మన కంటికి కనిపించే పిచ్చుకనే వేయాలి.

కన్నుకు నల్లని గుడ్డు, దాని చుట్టూ గోధుమ వలయం వేసి, బాగా చిక్కగా అరగదీసిన సిరాతో గుడ్డుమీద మళ్లీ ఒక చుక్క పెట్టాలి. హ్వీజోంగ్ లాకర్ చెట్టు పచ్చి రసంతో కనుగుడ్డు పెట్టేవాడనీ, అది పట్టుమీద గింజలా ఉబ్బి పక్షి కదలబోతున్నట్టు ఉండేదనీ డెంగ్ చున్ రాశాడు. ఆ చెట్టురసం చర్మానికి దద్దుర్లు తెస్తుంది కాబట్టి సిరాలో కాస్త ఎక్కువ జిగురు కలిపి ఆ ఉబ్బును సాధించుకోవచ్చు.

సంతకం చిన్నదిగా ఉండాలి. ట్సుయ్ బాయ్ అనే చిత్రకారుడు 1061లో వేసిన కుందేలు, రెండు పిట్టల చిత్రంలో తన పేరునూ సంవత్సరాన్నీ చెట్టు బోదెమీద కలిసిపోయేలా రాశాడు. చట్రం నుంచి పట్టును కోసేముందు వెనకవైపు రంగులమీద ఒకసారి పలచని పటిక నీరు తాకించి పూర్తిగా ఆరనివ్వాలి, లేకపోతే వెనక కాగితం అతికించేటప్పుడు ఆ తడికి తెలుపు కరిగి పాకుతుంది. కాగితం అతికించే పనిని పట్టు చిత్రాలతో అనుభవమున్నవారికి అప్పగించడమే క్షేమం. నీలిమందు, గాంబోజ్ వంటి వృక్ష రంగులు ఎండకు వెలిసిపోతాయి కాబట్టి చిత్రాన్ని కిటికీకి ఎదురుగోడన వేలాడదీయకుండా, కొన్ని వారాలు చూసుకున్నాక తీసి, ఆమ్లం లేని కాగితంలో చుట్టి, తేమ తగలని పెట్టెలో ఉంచాలి.